రిడ్జ్‌వే మీద ఐదు డబ్బాలు: ఒక జియోక్యాషింగ్ ప్రాజెక్టు డైరీ

జనవరి నుంచి అక్టోబరు దాకా చేసిన పని ఇది. అందులో సగానికి సగం దిద్దుబాట్లే. పాత కాలిబాట మీద జియోక్యాష్‌లు పెట్టాలనుకునేవాళ్లు అవే తప్పులు మళ్లీ చేయకూడదని లెక్కలతో సహా రాసి పెడుతున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు. నీళ్లు చొరబడని ఒక డబ్బా, అందులో చిన్న పుస్తకం, పెన్సిలు. దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ ఇస్తాం. జీపీఎస్ పట్టుకుని వెతికినవాళ్లకి దొరికితే పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాని ఎక్కడ ఉన్నదో అక్కడే పెట్టేస్తారు. దొరక్కపోతే ‘దొరకలేదు’ అని ఆన్‌లైన్‌లో రాస్తారు. ఈ రెండో రకం రాతలే నాకు ఎక్కువ నేర్పాయి.

దారి దక్షిణ ఇంగ్లండ్‌లోని రిడ్జ్‌వే. ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగో బీకన్ దాకా 139 కిలోమీటర్లు. 1973లో నేషనల్ ట్రయల్ అయింది కానీ, సుద్దకొండల వీపు మీద సాగే ఈ దారిలో మనుషులు వేల ఏళ్లుగా నడుస్తూనే ఉన్నారు. నేను తీసుకున్నది అందులో 6 కిలోమీటర్ల ముక్క. యాష్‌బరీ ఊరి పైన బి4000 రోడ్డు దారిని దాటే చోట మొదలై, వేలాండ్స్ స్మిథీ అనే ప్రాచీన రాతి సమాధి, అఫింగ్టన్ కొండకోట మీదుగా బ్లోయింగ్‌స్టోన్ హిల్ రోడ్డు దగ్గర ముగుస్తుంది.

## దశ 1: చోట్లు గుర్తించడం (జనవరి)

రెండు సార్లు పోయి వచ్చాను. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదో వంతు, ఎడం ఉండాలన్నది నియమం. ఆ లెక్కన 6 కిలోమీటర్లలో 38 దాకా పట్టొచ్చు. నేను 12 అనుకున్నాను.

తప్పు ఇక్కడే మొదలైంది. చోట్లను కళ్లతో ఎంచాను. ఏది అందంగా కనిపిస్తే అది గుర్తు పెట్టుకున్నాను. స్మిథీ ముందున్న నిలువురాళ్ల పక్కన ఒకటి, కొండ వాలు మీది శ్వేతాశ్వం అనే సుద్ద గుర్రం బొమ్మ తల దగ్గర ఒకటి, కోట గట్టు మీద రెండు. ఆ నేల ఎవరిదో, దానికి ఏ చట్టం వర్తిస్తుందో చూసి, ఆ తర్వాత అందం చూసుకోవాల్సింది.

ఇప్పటిదాకా: నడక 24 కి.మీ. | ఖర్చు 0 పౌండ్లు | చోట్లు 12

## దశ 2: అనుమతులు (ఫిబ్రవరి)

పన్నెండులో ఏడు ఈ నెలలోనే పోయాయి.

1. నాలుగు చోట్లు రక్షిత స్మారకాల హద్దుల్లో పడ్డాయి. వేలాండ్స్ స్మిథీ దాదాపు 5,500 ఏళ్ల కిందటి సమాధి దిబ్బ. శ్వేతాశ్వం సుమారు 3,000 ఏళ్ల నాటిది. 110 మీటర్ల పొడవున కందకం తవ్వి, అందులో సుద్ద దంచి నింపిన గుర్రం బొమ్మ అది. అలాంటి చోట అనుమతి లేకుండా నేలను కదిలించడం 1979 నాటి ప్రాచీన స్మారకాల చట్టం ప్రకారం నేరం. నేను తవ్వను, రాళ్ల సందులో పెడతానంతే అని మొదట వాదించుకున్నాను. కానీ వెతకడానికి వచ్చేవాళ్లు ఏ రాయి కదిలిస్తారో నా చేతిలో లేదు. నాలుగూ కొట్టేశాను.

2. మరో రెండు, అప్పటికే వేరేవాళ్లు పెట్టిన డబ్బాలకి 161 మీటర్ల లోపు ఉన్నాయి.

3. ఒకటి రైతు వద్దన్నారు. గొర్రెలు ఈనే కాలంలో గేటు తెరిచి వదిలేస్తే పిల్లలు దారి మీదకి వచ్చేస్తాయని ఆయన భయం. న్యాయమైన మాట. రెండోసారి అడగలేదు.

మిగిలిన ఐదింటిలో మూడు ఒకే రైతు పొలం అంచున ఉన్నాయి. ఆయనతో కంచె పక్కన నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాను. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో కంచె పొదల లోపల చేతులు పెట్టనివ్వొద్దన్నారు. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా తాము కూడా వాటిని నరకరని చెప్పారు. ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. కానీ అందులో ఉన్న రెండో అర్థం సెప్టెంబరులో గానీ నాకు తట్టలేదు. దశ 8 చూడండి.

అనుమతి నోటిమాటగా వదిలేయకండి. చోటు, తేదీ, ఒప్పుకున్న షరతులు నాలుగు వాక్యాల్లో రాసి పంపి, ‘సరే’ అని జవాబు తెప్పించుకోండి. డబ్బా ఆమోదానికి పంపినప్పుడు రివ్యూయర్, అంటే జియోక్యాషింగ్ సైటు తరఫున పరిశీలించేవారు, మొదట అడిగేది అదే.

ఇప్పటిదాకా: నడక 36 కి.మీ. | ఖర్చు 0 పౌండ్లు | చోట్లు 5

## దశ 3: బకెట్ పరీక్ష (ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో)

కొన్నవి ఇవి:

- నాలుగు వైపులా క్లిప్పులుండే అర లీటరు ప్లాస్టిక్ డబ్బాలు 4: 12 పౌండ్లు
- ప్రీఫారంలు 10, అంటే కూల్‌డ్రింక్ సీసాగా ఊదక ముందుండే దళసరి ప్లాస్టిక్ గొట్టాలు: 8 పౌండ్లు
- సైన్యం వాడే ఇనుప తూటాల పెట్టె 1: 12 పౌండ్లు
- తాళాల గుత్తికి వేలాడదీసే అల్యూమినియం గొట్టాలు 2: 4 పౌండ్లు
- తడవని కాగితం 7, సిలికా జెల్ సంచులు 4, పెన్సిళ్లు 2, చెట్టు బెరడు రంగు టేపు 5, సిలికాన్ గ్రీజు 4 (ఈ అంకెలన్నీ పౌండ్లు): మొత్తం 22 పౌండ్లు

వీటితోపాటు ఇంట్లో పడి ఉన్న పాత ఫిల్మ్ రోలు డబ్బీ కూడా పరీక్షకి పెట్టాను.

పరీక్ష ఇలా చేశాను:

1. ఒక్కో దాంట్లో 2 గ్రాముల టిష్యూ పేపరు పెట్టి మూసేశాను.
2. బకెట్ నీళ్లలో 20 సెంటీమీటర్ల లోతున, పైన ఇటుక పెట్టి 24 గంటలు ఉంచాను.
3. టిష్యూని వంటింటి త్రాసు మీద తూచాను.

మొదటి రోజు ఫిల్మ్ డబ్బీ ఒక్కటే ఓడింది. 2 గ్రాముల టిష్యూ 19 గ్రాములైంది. మిగతావన్నీ పొడిగా ఉన్నాయి. ఇక్కడితో ఆపి ఉంటే అన్నిటికీ క్లిప్పు డబ్బాలే వాడేదాన్ని.

రాత్రి పడుకున్నాక ఒక ఆలోచన వచ్చింది. కొత్త డబ్బాని నేను ఇంట్లో శుభ్రమైన చేతులతో మూశాను. కొండ మీద వర్షంలో, గ్లోవ్స్ వేసుకుని, వెనక కుక్క లాగుతుండగా మూసేవాళ్ల సంగతేమిటి? మర్నాడు పరీక్ష మార్చాను. దారి మీది సుద్ద బురద సంచిలో తెచ్చి, వేళ్లకి పూసుకుని, ఒక్కోదాన్ని 50 సార్లు తెరిచి మూసి మళ్లీ ముంచాను.

- క్లిప్పు డబ్బా: టిష్యూ 13 గ్రాములు. రబ్బరు గాడిలో రెండు ఇసుక రేణువులు చాలాయి.
- అల్యూమినియం గొట్టం: 3 గ్రాములు. నీళ్ల సంగతి అలా ఉంచినా, లోపల చుట్టిన సన్న కాగితం బయటికి లాగినప్పుడల్లా అంచు చిరిగింది.
- ప్రీఫారం: 2 గ్రాములే. చుక్క కూడా దిగలేదు.
- ఇనుప పెట్టె: 2 గ్రాములు.

ఇనుప పెట్టె గెలిచినా వాడలేదు. 2011లో యార్క్‌షైర్‌లోని వెదర్‌బీలో ఒక చిన్న జియోక్యాష్‌ని బాంబు అనుకుని వీధి ఖాళీ చేయించి పేల్చేశారు. నడుచుకుంటూ వెళ్లేవాళ్లకి తూటాల పెట్టె కనిపిస్తే ఎంత భయపడతారో ఊహించడం కష్టం కాదు. లోపలిది కనిపించే డబ్బా, పైన ‘జియోక్యాష్, ప్రమాదం లేదు’ అన్న చీటీ. ఈ దారికి అదే తగినది.

ఫ్రీజర్‌లో ఒక రాత్రి పెట్టి చూస్తే ఒక క్లిప్పు డబ్బా చెవి పుటుక్కున విరిగింది. మిగిలినవి మూడు.

చివరికి కుదిరిన అమరిక: పెద్ద డబ్బా కావాల్సిన చోట క్లిప్పు డబ్బా, దాని లోపల ప్రీఫారం, ప్రీఫారంలో పుస్తకం. అందరూ జిప్ సంచి వాడతారు. నా దృష్టిలో అదే అసలు దొంగ. సంచి అంచు మూతలో ఇరుక్కుని, ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి. బయటి డబ్బాలోకి నీళ్లు వచ్చినా, లోపలి గొట్టం గట్టిగా ఉంటే పుస్తకం బతుకుతుంది.

ఇంకో మాట. ఇంట్లో డబ్బా మూసి చలిలోకి తీసుకెళ్తే మూత లోపల నీటిబొట్లు కనిపిస్తాయి. అది కారడం కాదు. ఇంటి వెచ్చటి గాలిలోని ఆవిరి చల్లబడి నీరవుతోంది. బయట పొడి రోజు చూసి, పెట్టే చోటనే తెరిచి ఐదు నిమిషాలు వదిలి, జెల్ సంచి వేసి మూయండి.

పెన్ను పెట్టకండి. చలిలో ఇంకు కదలదు. పెన్సిలు తడి కాగితం మీదా రాస్తుంది.

ఇప్పటిదాకా: నడక 36 కి.మీ. | ఖర్చు 58 పౌండ్లు | చోట్లు 5

## దశ 4: అక్షాంశ రేఖాంశాలు (మార్చి)

మొదటి రోజు కొలతలన్నీ పారేశాను. చేతి జీపీఎస్‌లో పటం ప్రమాణం బ్రిటిష్ ఆర్డ్నెన్స్ సర్వే పద్ధతిలో ఉండిపోయింది. జియోక్యాషింగ్ అంతా డబ్ల్యూజీఎస్ 84 అనే అంతర్జాతీయ ప్రమాణం మీద నడుస్తుంది. ఒకే చోటికి ఈ రెండు ప్రమాణాల్లో వచ్చే అక్షాంశ రేఖాంశాల మధ్య తేడా ఇక్కడ వంద మీటర్ల పైమాటే. డబ్బా కంచె పక్కన ఉంటే నా అంకెలు పొలం మధ్యలో చూపిస్తున్నాయి.

రెండో తప్పు ఇంటికొచ్చాక తేలింది. ఈ కొండలు గ్రీనిచ్ రేఖకి పడమర ఉన్నాయి. అంకెలు కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు పడమర బదులు తూర్పు అని కొట్టాను. 1 డిగ్రీ 34 నిమిషాల చిల్లర చూడ్డానికి చిన్న అంకె. కానీ దిక్కు మారితే చోటు దాదాపు 220 కిలోమీటర్లు జరుగుతుంది. పటంలో నా ఐదు డబ్బాలూ థేమ్స్ నది ముఖద్వారానికి అవతల సముద్రంలో తేలాయి. ఏ అంకెనైనా పటం మీద కంటితో చూడకుండా పంపకూడదని అప్పుడు నియమం పెట్టుకున్నాను.

మూడోది చెట్లు. మూడో చోటు బీచ్ అనే జాతి చెట్ల గుంపు అంచున ఉంది. మా పాప ఫోను పట్టుకుని నిలబడి, “అమ్మా, నేను కదలడం లేదు, బాణమే తిరుగుతోంది” అంది. నిజమే. కొమ్మల్లోంచి, బోదెల మీంచి సంకేతం పక్కదారులు పట్టి వస్తే యంత్రం అలాగే తడబడుతుంది. అక్కడ తీసిన ఐదు కొలతల్లో అక్షాంశం చివరి మూడంకెలు ఇవి. చోటు బయటపడకుండా అన్నిటినీ సమానంగా జరిపాను:

412, 405, 414, 409, 410

నిమిషంలో వెయ్యో వంతు ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు. అంటే అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ మధ్య 9 వంతులు, దాదాపు 17 మీటర్లు. అదే రోజు, బయలు నేల మీది రెండో చోట తేడా 2 వంతులే, 4 మీటర్ల లోపు. తూర్పు పడమరలుగా ఈ అక్షాంశం దగ్గర వెయ్యో వంతు 1.15 మీటర్లే అవుతుంది. రెండు దిక్కుల తప్పునీ ఒకే కొలబద్దతో చూడకండి.

చివరికి పాటించిన పద్ధతి:

1. యంత్రాన్ని ఆన్ చేసి బయలులో 10 నిమిషాలు ఉంచాలి.
2. చోటికి చేరాక, చేతిలో కాకుండా నేల మీద ఆనించి, 5 నిమిషాల తర్వాత అంకె రాసుకోవాలి.
3. 50 మీటర్లు దూరం పోయి ఇంకో వైపు నుంచి మళ్లీ రావాలి. ఇలా ఐదుసార్లు.
4. వేరే రోజు, వేరే వేళలో మళ్లీ ఐదు. ఉపగ్రహాల అమరిక మారి ఉంటుంది.
5. పదింటి సగటు తీసుకోవాలి. పై ఐదింటి సగటు 410.
6. ఆ సగటు అంకెను ఫోనులో పెట్టి, ఏమీ తెలియనివాళ్లలాగా దాని వెంట నడిచి చూడాలి.

చెట్ల కింద వచ్చే 17 మీటర్లే నాకు బాధగా ఉంటే, 2000 సంవత్సరం మే నెల ముందు సంగతి వేరు. పౌరులకి వచ్చే సంకేతంలో అమెరికా కావాలనే తప్పు కలిపేది. తేడా వంద మీటర్ల దాకా ఉండేది. ఆ తప్పు కలపడం ఆపిన మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ ఆరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి అంకెలు బయటపెట్టారు. ఈ వ్యాపకమంతా అక్కడే పుట్టింది. ఆ బకెట్ చాలావరకు నేలలో పాతినది. ఇప్పుడు నేల సొంతదారు అనుమతి లేకుండా పాతడం నిషిద్ధం. వేల ఏళ్ల పొరలున్న ఈ కొండ మీద ఆ నిషేధం ఎందుకో ఎవరూ వివరించక్కర్లేదు.

ఇప్పటిదాకా: నడక 72 కి.మీ. | ఖర్చు 58 పౌండ్లు | చోట్లు 5

## దశ 5: స్మిథీని డబ్బా లేకుండా చేర్చడం (ఏప్రిల్)

ఈ దారి మీద నడిచి వేలాండ్స్ స్మిథీ దగ్గర ఆగకపోతే నడిచినట్టే కాదు. డబ్బా పెట్టలేను. అందుకని ఐదో డబ్బాను రెండంచెలది చేశాను. స్మిథీ దగ్గర కళ్లతో ఒక అంకె లెక్కపెట్టాలి, దాన్ని సూత్రంలో వేస్తే దూరంగా ఉన్న అసలు డబ్బా చోటు వస్తుంది. ముట్టుకోవాల్సింది ఏమీ లేదు.

స్మిథీ అంటే కమ్మరి కొలిమి. వేలాండ్ అనే కమ్మరి కథ ఉంది. లాడం ఊడిన గుర్రాన్ని ఇక్కడ కట్టి, ఒక వెండి నాణెం పెట్టి వెళ్తే, తెల్లారేసరికి గుర్రానికి లాడం వేసి ఉంటుందట. ఆ నమ్మకంతో ఇప్పటికీ జనం రాళ్ల పగుళ్లలో నాణేలు దోపుతారు. అలా దోపిన ఒక రాగి నాణెం చుట్టూ రాయి పెచ్చు లేచి, వేలితో తాకితే పొడి రాలేలా ఉండడం దగ్గరగా చూశాను. అప్పటి నుంచి ఈ చోట ఎవరి చేతికీ పని చెప్పకూడదన్న నా నిర్ణయం ఇంకా గట్టిపడింది.

మొదటి ప్రశ్న: “ముందు ఎన్ని రాళ్లు నిలబడి ఉన్నాయి?” ముగ్గురు స్నేహితుల్ని విడివిడిగా పంపాను. ఒకరు 4 అన్నారు, ఒకరు 6, ఇంకొకరు 9. నా మనసులో ఉన్నది 4, ముందు వైపు నిలువెత్తు సార్సెన్ (గట్టి ఇసుకరాయి) రాళ్లు. మిగతా ఇద్దరూ లోపలి గది రాళ్లనీ, పక్కన కుదురుకున్నవాటినీ కలిపారు. ప్రశ్న నాది, తప్పూ నాదే. “మనిషి కన్నా ఎత్తయిన రాళ్లు, ముందు వరసలో మాత్రమే” అని మార్చాను.

దానికన్నా ముఖ్యమైన మార్పు సూత్రంలో చేశాను. మొదట ఆ అంకెను వెయ్యో వంతుల స్థానంలో పెట్టాను. 4 బదులు 6 వేస్తే చోటు 3.7 మీటర్లే తప్పుతుంది. వినడానికి మంచిదే అనిపిస్తుంది. కానీ అలా వచ్చినవాళ్లు అక్కడే ఉందనుకుని గంటసేపు గడ్డి తొక్కుతారు. వందో వంతుల్లోనో పదో వంతుల్లోనో పెడితే నేరుగా బార్లీ చేలోకి పోతారు. అందుకని అంకెలోంచి ఒకటి తీసి నిమిషాల పదుల స్థానంలో పెట్టాను. 4 అయితే 34 నిమిషాలు, సరైన చోటు. 6 అయితే 54, అంటే 37 కిలోమీటర్లు ఉత్తరాన. 9 అయితే 84, అసలు అలాంటి నిమిషమే లేదు. తప్పు జరిగిందని ఫోను చూడగానే తెలిసిపోతుంది, చేనులో అడుగు పెట్టే పని ఉండదు.

సమాచార ఫలకం మీది సంవత్సరాన్ని ప్రశ్నగా వాడొచ్చని ఒకరు సలహా ఇచ్చారు. ఫలకాలు మారుతుంటాయి. ఈ రాళ్లు అక్కడే ఉంటాయి.

డబ్బా దాచడానికి దొంగ రాయి చేయాలన్న ఆలోచన కూడా ఈ నెలలోనే వదిలేశాను. సిమెంటుతో బోలు రాయి చేసి, పైన చెకుముకి రాళ్ల పెచ్చులు అతికించాను. చూడ్డానికి చక్కగా వచ్చింది. కానీ పురావస్తు పరిశోధకులు ప్రతి రాతి పెచ్చునూ పరిశీలించే నేల మీద, నకిలీ రాయి వదిలేసి రావడానికి మనసొప్పలేదు. అది ఇప్పుడు మా పెరట్లో ఉంది.

ఇప్పటిదాకా: నడక 84 కి.మీ. | ఖర్చు 58 పౌండ్లు | చోట్లు 5

## దశ 6: పెట్టడం, ఆమోదం (మే)

ఒకే రోజు ఐదూ పెట్టాను. 1, 3: ప్రీఫారంలు. 2, 4, 5: క్లిప్పు డబ్బాలు.

రివ్యూయర్ ఒకదాన్ని తిప్పి పంపారు. మొదటి డబ్బా, ఇంకొకరి పలు అంచెల క్యాష్‌లో, పటంలో ఎవరికీ కనిపించని గుప్త అంచెకు 131 మీటర్లలో ఉంది. రహస్య చోట్లు పటంలో కనిపించవు కాబట్టి ఇది ముందు తెలుసుకోలేం. అందుకని డబ్బాలు పెట్టడానికి ముందే అంకెలు మాత్రం రివ్యూయర్‌కి పంపి ఖాళీ ఉందో లేదో అడగండి. నాకు ఆ సంగతి తెలియక ఇంకో 12 కిలోమీటర్లు నడిచాను. 45 మీటర్లు తూర్పుకి జరిపి, రైతుకి మళ్లీ రాసి, మళ్లీ పంపాను. ఈసారి ఆమోదం వచ్చింది.

ఇప్పటిదాకా: నడక 108 కి.మీ. | ఖర్చు 58 పౌండ్లు | ఆమోదం పొందిన డబ్బాలు 5

## దశ 7: మూడో డబ్బా (జూన్ నుంచి ఆగస్టు)

ఆగస్టు చివరికి లెక్క ఇది. దొరికినవి: 14, 13, 11, 15, 8. మొత్తం 61. దొరకనివి 9, అందులో 6 ఒక్క మూడో డబ్బావే.

జూన్ మూడో వారంలో చూడ్డానికి వెళ్లాను. డబ్బా ఉంది, పుస్తకం పొడిగా ఉంది. కానీ చుట్టూ నేల చూసి నిలబడిపోయాను. దారి నుంచి చెట్ల గుంపులోకి 60 సెంటీమీటర్ల వెడల్పున కొత్త బాట పడింది. టేపుతో కొలిస్తే 9 మీటర్ల పొడవు. బోదెల చుట్టూ నెటిల్ మొక్కలు నలిగి నేలకి అంటుకుపోయాయి. మే నెలలో ఇక్కడ ఏమీ లేదు. నేను పెట్టిన వేలెడు గొట్టం వల్ల ఇదంతా అయింది.

కారణాలు రెండు. నేను మార్చిలో, ఆకుల్లేని చెట్ల కింద కొలిచాను. వాళ్లు జూన్‌లో, నిండు ఆకుల కింద వెతుకుతున్నారు. నా సగటు ఎంత మంచిదైనా వాళ్ల ఫోను పదిహేను మీటర్లు అటూ ఇటూ తిప్పుతుంది. రెండోది నా సూచన: “చెట్టు మొదట్లో.” అక్కడ పదకొండు చెట్లున్నాయి.

మార్చినవి:

1. సూచన ఆ రోజే మార్చాను: “దారికి అతి దగ్గరి బోదె, ఉత్తరం వైపు, మోకాలి ఎత్తు.”
2. డబ్బాను దారి అంచు నుంచి మీటరు దూరంలోపే ఉండేలా జరిపాను. చేయి చాపితే అందాలి, అడుగు లోపల పడకూడదు.
3. పాత బాట మొదట్లో ఎండుకొమ్మలు అడ్డంగా పరిచాను.
4. 1 నుంచి 5 దాకా ఉండే కష్టం స్థాయిని 2.5 నుంచి 1.5కి తగ్గించాను.

తర్వాత ఒక్క ‘దొరకలేదు’ కూడా రాలేదు. ఆగస్టు చివర్లో ఆ బాట వెడల్పు 35 సెంటీమీటర్లకి తగ్గి, మధ్యలో గడ్డి మొలకలు కనిపించాయి. తేలిక చేస్తే ఆట చప్పబడుతుందని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. కష్టం బుర్రకి పెట్టాలంటే స్మిథీ లాంటి లెక్క పెట్టొచ్చు. మొక్కల మీద పెట్టే కష్టం నాకొద్దు.

ఈ మూడు నెలల్లో కొన్నవి: పెన్సిళ్లు, 2 పౌండ్లు. తిరిగినవి నాలుగు సార్లు.

ఇప్పటిదాకా: నడక 156 కి.మీ. | ఖర్చు 60 పౌండ్లు | దొరికినవి 61, దొరకనివి 9

## దశ 8: నాలుగో డబ్బా (సెప్టెంబరు)

సెప్టెంబరు మొదటి వారంలో ఒకరు ఫోటో పెట్టారు. ఆకుల మధ్య నీలం ప్లాస్టిక్ ముక్క.

ఆగస్టు 31 దాకా కంచెలు నరకరని రైతు చెప్పిన మాటకి రెండో సగం, సెప్టెంబరు 1 నుంచి నరుకుతారు. పొద లోపల చేతులు పెట్టనివ్వనన్న షరతు కోసం నేను నాలుగో డబ్బాను హాథార్న్ ముళ్లపొదల కంచె బయటి అంచున తాడుతో వేలాడదీశాను. ట్రాక్టరుకి తగిలించే కోత యంత్రం తిరిగేది సరిగ్గా ఆ అంచునే.

సాయంత్రం వెళ్లాను. 40 మీటర్ల పొడవున ముక్కలు చెదిరి ఉన్నాయి. మోకాళ్ల మీద కూచుని ఏరితే రెండు గంటలు పట్టింది. 23 ముక్కలు దొరికాయి. ఇంటికొచ్చి, ఇంకో డబ్బా పక్కన పెట్టి జిగ్సాలాగా పేర్చి చూస్తే మూతలో ఒక మూల తక్కువ. మర్నాడు మళ్లీ వెళ్లి, చెకుముకి రాళ్ల మధ్య ఆ మూల కూడా తెచ్చాను. గొర్రెలు మేసే నేల అది. లోపలి ప్రీఫారం మాత్రం గీతలు పడి, చెక్కుచెదరకుండా ఉంది. పుస్తకంలోని పేర్లన్నీ దక్కాయి.

రైతుకి అదే రాత్రి జరిగింది రాసి క్షమాపణ చెప్పాను. ఆయన కోపగించలేదు. కంచె మలుపులో తీగలేవీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ పాత గుంజ ఒకటుందని, దాని చీలికలో పెట్టుకోమని ఆయనే చూపించారు. ప్రీఫారం ఆ చీలికలో కొలిచినట్టు సరిపోయింది. మేకు లేదు, తాడు లేదు, జిగురు లేదు.

మిమ్మల్ని కోరేది ఒకటే. అనుమతి అడిగేటప్పుడు “ఇక్కడ ఏ నెలలో ఏ యంత్రం తిరుగుతుంది?” అని కూడా అడగండి. కోత, కంచె నరకడం, దారి అంచు గడ్డి కొట్టడం, గేటు మార్చడం. పన్నెండు నెలల పట్టిక వేసుకుని, ఒక్కో డబ్బా పక్కన రాసుకోండి.

ఇప్పటిదాకా: నడక 180 కి.మీ. | ఖర్చు 60 పౌండ్లు | పగిలినవి 1, ఏరిన ముక్కలు 24

## దశ 9: ఇప్పటి స్థితి (అక్టోబరు)

మొన్న ఐదూ చూసి వచ్చాను. దొరికినవి 79, దొరకనివి 10. జెల్ సంచులు తలా 10 గ్రాములతో పెట్టాను. ఇప్పుడు రెండో డబ్బాది 11, ఐదో డబ్బాది 14. ఐదోదానిలో ఏదో మూల నుంచి తేమ వస్తోంది. రబ్బరు తీసి చూస్తే గాడిలో సన్నటి గడ్డిపోచ, ఒక అంగుళం పొడవున, సుద్ద పట్టి తెల్లగా అతుక్కుని ఉంది. పిన్నుతో తీసి, తుడిచి, గ్రీజు రాశాను. మూత లోపల “మూసే ముందు గాడి తుడవండి” అన్న చీటీ పెట్టాను. తడిసిన జెల్ ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచాను, మళ్లీ 10 దగ్గరికి వచ్చింది.

కొట్టేసిన నాలుగు స్మారకాల చోట్ల బదులు ఒక ఎర్త్‌క్యాష్ రాస్తున్నాను. దానికి డబ్బాయే ఉండదు, భూగర్భ శాస్త్రం గురించిన ప్రశ్నలు మాత్రమే. సార్సెన్ రాయి ఇసుకరాయి, ఇసుక రేణువుల మధ్య సిలికా చేరి గట్టిపడినది. కింద చూస్తే అంతా మెత్తటి సుద్ద. ఒకప్పుడు ఈ సుద్ద మీద పరుచుకుని ఉన్న పొర క్రమంగా కొట్టుకుపోగా మిగిలినవే ఈ రాళ్లు. మొదటి ప్రశ్న రాశాను: “రాతిని ముట్టుకోకుండా, దగ్గరగా చూసి, రేణువులు కంటికి కనిపిస్తున్నాయో లేదో చెప్పండి.” ‘ముట్టుకోకుండా’ అన్న మాటను వాక్యం మొదటికి తెచ్చాను. మొదటి చిత్తులో అది చివర ఉంది.

డిసెంబరు చివరికి చేయాల్సినవి:

1. ఐదో డబ్బా జెల్ మళ్లీ తూచడం. 12 దాటితే డబ్బా మార్చడం.
2. మూడో చోట ఆకులు రాలాక మళ్లీ పది కొలతలు.
3. గుంజ చీలిక వెడల్పు కొలవడం. ఇవాళ 31 మిల్లీమీటర్లు. మంచుకి కొయ్య ఎంత కదులుతుందో చూడాలి.

మొత్తం: నడక 192 కి.మీ. | ఖర్చు 60 పౌండ్లు | డబ్బాలు 5